కుర్చీలో కూర్చున్నది ఎవరు? కూర్చోబెట్టింది ఎవరు?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట అమెరికా రాజకీయాల గురించి మాట్లాడతాం అంటే పొద్దున్నే ఒక తాత అడ్డం తగిలాడు. "మన శ్మశానం దారి సంగతే తేలలేదు, అమెరికా సంగతి మనకెందుకయ్యా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పే మొదలుపెడతాం.

బాబాసాహెబ్ 1913లో న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వెళ్ళాడు. 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. అమెరికా నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ కాపీలు రెండు మూడు పంపమని అడిగాడు. మన దేశంలో అంటరానివాళ్ళు కూడా అదే బాట పట్టాలని ఆలోచిస్తున్నారని అందులో రాశాడు. ఆయనకి అక్కరైన సంగతి మనకి అక్కర లేకుండా పోదు. ఇది ఒక కారణం.

రెండోది ఇంకా దగ్గరి కారణం. అక్కడ నల్లజాతి పిల్లలకి కాలేజీ ప్రవేశాల్లో ఉన్న కాస్త ఆసరాని 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అది మన రిజర్వేషన్ల వంటిది కూడా కాదు. సీట్ల కోటా పెట్టకూడదని 1978లోనే అదే కోర్టు చెప్పింది. దరఖాస్తు చూసేటప్పుడు జాతిని కూడా ఒక అంశంగా లెక్కలోకి తీసుకోవచ్చు, అంతే. ఆ మాత్రం కూడా ఓర్వలేకపోయారు. ఎం.ఐ.టి. అనే పేరుమోసిన సంస్థలో కొత్తగా చేరే విద్యార్థుల్లో నల్లజాతి పిల్లలు అంతకుముందు వందకి 13 మంది దాకా ఉండేవాళ్ళు. 2024లో 5కి పడిపోయారు. ఈ పని ఒక్క రోజులో కాలేదు. యాభై ఏళ్ళు పట్టుదలగా చేశారు. ఎట్లా చేశారో మనం తెలుసుకోవాలి.

ఒక కుర్చీతో మొదలుపెడదాం.

థర్‌గుడ్ మార్షల్ అని ఒక లాయరు ఉండేవాడు. బానిసల వంశంలో పుట్టినవాడు. తెల్లపిల్లలకి ఒక బడి, నల్లపిల్లలకి ఒక బడి అనే పద్ధతి చెల్లదని వాదించి 1954లో సుప్రీంకోర్టు చేత చెప్పించినవాడు. 1967లో ఆ సుప్రీంకోర్టులోనే మొట్టమొదటి నల్లజాతి జడ్జి అయ్యాడు. 24 ఏళ్ళ తర్వాత 1991 జూన్‌లో ఆరోగ్యం బాగాలేక దిగిపోతానన్నాడు. ఆ కుర్చీలో మళ్ళీ నల్లవాణ్ణే వెయ్యాలా అని విలేకరులు అడిగారు. తెల్లపాముకీ నల్లపాముకీ తేడా లేదనీ, రెండూ కరుస్తాయనీ వాళ్ళ నాయన చెప్పేవాడని ఆయన జవాబిచ్చాడు.

అప్పుడు అధ్యక్షుడు రిపబ్లికన్ పార్టీ మనిషి, పెద్ద బుష్. ఆయన 43 ఏళ్ళ క్లారెన్స్ థామస్‌ని తెచ్చాడు. నల్లవాడే. కానీ ఆలోచనలో మార్షల్‌కి నూటికి నూరుపాళ్ళు ఎదురు. అమెరికాలో పెద్ద జడ్జిని అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఓటుతో ఖాయం చెయ్యాలి. విచారణ జరుగుతుండగా అనితా హిల్ అనే న్యాయశాస్త్ర ఉపాధ్యాయురాలు, ఆమె కూడా నల్లజాతి స్త్రీ, ముందుకొచ్చింది. థామస్ కింద పనిచేసినప్పుడు తనతో అసభ్యంగా మాట్లాడి వేధించాడని ప్రమాణం చేసి చెప్పింది. ఆయన పూర్తిగా కాదన్నాడు. ఎదిగిన నల్లవాణ్ణి పట్టి ఉరితీస్తున్నట్టుంది ఇది అన్నాడు. ఆమెని ప్రశ్నించిన కమిటీలో 14 మంది. అందరూ తెల్లవాళ్ళే, అందరూ మగవాళ్ళే. చివరికి 1991 అక్టోబరు 15న 52 ఓట్లకి 48తో ఆయన గెలిచాడు. మన ఆడబిడ్డలు ఒకటి గమనించాలి. ఆ గదిలో నల్లజాతి మగవాడి అవమానానికి భాష దొరికింది. నల్లజాతి స్త్రీ అవమానానికి దొరకలేదు.

థామస్‌ని తిట్టి ఊరుకుంటే మనకి ఒరిగేదేం లేదు. ఆయన వాదం వినాలి. జార్జియా రాష్ట్రంలో పిన్ పాయింట్ అనే పేద పల్లెలో పుట్టాడు. తాత దగ్గర పెరిగాడు. యేల్ విశ్వవిద్యాలయంలో లా చదివాడు. పట్టా చేతపట్టుకుని ఉద్యోగానికి వెళ్తే, జాతి పేరు చెప్పి సీటు తెచ్చుకున్నవాడేమో అని అనుమానంగా చూశారట. కడుపు మండి, చుట్టల పెట్టె మీద ఉన్న 15 సెంట్ల ధర చీటీ పీకి పట్టా ఫ్రేముకి అంటించానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. నా చదువు విలువ ఇంతే అని.

ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్న పంతుళ్ళం మేము. ఈ సంగతి చదివినప్పుడు మాకు నవ్వు రాలేదు. "కోటా పంతులు" అనే మాట స్టాఫ్ రూములో చెవిన పడనివాళ్ళు మాలో లేరు. మా పట్టాలకీ ఎవరో ఒకరు ధర చీటీ అంటిస్తూనే ఉన్నారు. గాయం ఒకటే. కానీ మందు దగ్గర థామస్ ఒక దారి, మనం ఒక దారి. నిచ్చెన ఉండబట్టే ఎగతాళి చేస్తున్నారు, నిచ్చెన తీసెయ్యండి అంటాడు ఆయన. నిచ్చెన లేని రోజుల్లో మన తాతల్ని ప్రతిభావంతులని పిలిచారా? బావి దగ్గరికి రానిచ్చారా? ఎగతాళి ముందు నుంచీ ఉంది. నిచ్చెన తర్వాత వచ్చింది.

చట్టానికి రంగు కనపడకూడదు, రాజ్యాంగం రాసిన రోజున దానికి ఏ అర్థం ఉందో అదే అర్థం చెప్పాలి, ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలి. కన్సర్వేటివులు, అంటే సంప్రదాయవాదులు, చెప్పే ముఖ్యమైన మాటలివి. వాళ్ళలో నిజంగా నమ్మి చెప్పేవాళ్ళున్నారు. కానీ నమ్మకం ఒక్కటే కోర్టు దాకా నడిచిపోదు. దాన్ని నడిపించింది డబ్బు, సంఘం, ఓపిక.

ఎట్లాగంటే, 1971 ఆగస్టులో లూయిస్ పావెల్ అనే కంపెనీల లాయరు వ్యాపారుల సంఘానికి ఒక రహస్య పత్రం రాశాడు. కాలేజీలు, పాఠ్యపుస్తకాలు, టీవీలు, కోర్టులు అన్నీ మన చేతుల్లోంచి జారిపోతున్నాయి, వ్యాపారస్తులు సంఘటితం కావాలి అని అందులో సారాంశం. కొద్ది నెలలకే అధ్యక్షుడు నిక్సన్ ఆయన్నే సుప్రీంకోర్టు జడ్జిని చేశాడు. 1973లో బీరు కంపెనీ యజమాని జోసెఫ్ కూర్స్ డబ్బుతో హెరిటేజ్ ఫౌండేషన్ వచ్చింది. ప్రభుత్వం ఏం చెయ్యాలో, ఎవర్ని పెట్టుకోవాలో ముందే కాగితాలు తయారుచేసి పెట్టే సంస్థ అది. 1982లో యేల్‌లో, షికాగోలో కొందరు లా విద్యార్థులు కలిసి ఫెడరలిస్ట్ సొసైటీ పెట్టారు. మొదట్లో చిన్న చర్చావేదిక. ఎదుటి పక్షంవాళ్ళని కూడా పిలిచి వాదించేవాళ్ళు. ఆ విద్యార్థులే లాయర్లయ్యారు, ప్రభుత్వ న్యాయవాదులయ్యారు, జడ్జీలయ్యారు. ఈ సొసైటీలో పెద్ద పాత్ర వహించిన లెనార్డ్ లియో అనే ఆయన జడ్జీల పేర్ల జాబితాలు తయారుచెయ్యడంలో ట్రంప్‌కి కుడిభుజంగా ఉన్నాడు. ఆ లియో నడిపే ఒక ట్రస్టుకి 2021లో షికాగో వ్యాపారి బార్ సీడ్ తన కంపెనీ మొత్తం రాసిచ్చాడు. దాని విలువ 160 కోట్ల డాలర్లు. మన లెక్కలో 12 వేల కోట్ల రూపాయల దగ్గర. ఈ సంగతి పత్రికలు బయటపెట్టేదాకా, 2022 వరకు, జనానికి తెలియదు.

అవకాశం వచ్చినప్పుడు ఎట్లా వాడుకున్నారో చూడండి. 2016 ఫిబ్రవరిలో స్కాలియా అనే జడ్జి చనిపోయాడు. ఒబామా మెరిక్ గార్లండ్ పేరు పంపితే, ఎన్నికల ఏడాదిలో కుదరదని రిపబ్లికన్ సెనేట్ విచారణే పెట్టలేదు. కుర్చీ ఏడాదికి పైగా ఖాళీగా పెట్టి, 2017లో తమ మనిషిని కూర్చోబెట్టారు. 2020 సెప్టెంబరులో గిన్స్‌బర్గ్ చనిపోయింది. ఎన్నికలు ఎనిమిది రోజులుండగా, అక్టోబరు 26న, బారెట్‌ని ఖాయం చేశారు. నియమం ఒకటే, అవసరాన్ని బట్టి రెండు రకాలుగా తిప్పారు. కోర్టు ఆరుగురు ఇటు, ముగ్గురు అటు అయింది. మూడేళ్ళలోపే ఆ ఆరుగురితోనే కాలేజీ ప్రవేశాల తీర్పు వచ్చింది. దాన్ని సమర్థిస్తూ థామస్ విడిగా పొడుగాటి తీర్పు రాశాడు. మార్షల్ కుర్చీలో కూర్చుని రాశాడు.

ఇక డబ్బు సంగతి. ఎన్నికల్లో ఖర్చు పెట్టడం కూడా మాట్లాడే హక్కులో భాగమే, దానికి హద్దు పెట్టకూడదు అనేది కన్సర్వేటివుల్లో ఎక్కువమంది వాదం. 1976లో ఒక తీర్పు ఆ తలుపు కొంత తెరిచింది. 2010 జనవరి 21న సిటిజన్స్ యునైటెడ్ కేసులో 5-4 తీర్పు పూర్తిగా తెరిచింది. అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా బయట ఉండి ఖర్చుపెడితే కంపెనీలకి కూడా హద్దు లేదంది. ఎవరు ఖర్చుపెట్టారో జనానికి చెప్పాలనే నిబంధనని మాత్రం ఎనిమిది మంది నిలబెట్టారు. అదీ వద్దన్నది ఒక్క థామసే. ఆయన్నే ఒక టెక్సాస్ శతకోటీశ్వరుడు ఏళ్ళ తరబడి విమానాల్లో, ఓడల్లో విలాస యాత్రలకి తిప్పాడని 2023లో పత్రికలు రాశాయి. స్నేహితుడి ఆతిథ్యాన్ని వెల్లడించనక్కర్లేదని నాకు సలహా ఇచ్చారని ఆయన సమాధానం చెప్పాడు.

మాట్లాడే హక్కు అందరికీ ఉంది. నిజమే. కానీ ఊరి సభలో ఒకడికి మైకు, ఒకడికి గొంతు మాత్రమే ఉంటే అది సమానమైన హక్కేనా? 2024 ఎన్నికల్లో ట్రంప్ పక్షాన ఎలాన్ మస్క్ ఒక్కడే 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాడు. 2025 జనవరిలో ట్రంప్ గెలిచి వచ్చాక ప్రభుత్వ ఉద్యోగాలు కోసే పని ఆయన చేతికే ఇచ్చారు. మే నెలాఖరుదాకా చేశాడు. ఎన్నుకున్న అధ్యక్షుడి మాట ఉద్యోగులు వినాలి గదా, తొలగించే అధికారం ఆయనకి ఉండాలి గదా అంటారు వాళ్ళు. ఆ దేశంలోనే పూర్వం గెలిచిన పార్టీ తన మనుషులకి కొలువులు పంచేది. 1881లో కొలువు దక్కని ఒకడు అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ని కాల్చాడు. 1883లో పరీక్ష పెట్టి ఉద్యోగాలిచ్చే చట్టం వచ్చింది. పరీక్ష రాసి, ఏ దొర గుమ్మం తొక్కకుండా ఉద్యోగం తెచ్చుకోవడం అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. డబ్బు జబ్బు ఒక్క పార్టీది కాదు. డెమొక్రాట్లకీ శతకోటీశ్వరులున్నారు. విరాళాలిచ్చినవాళ్ళని రాయబారులుగా పంపడం ఇద్దరికీ అలవాటే. ఎన్నికల డబ్బుని కట్టడి చేసిన 2002 చట్టం తెచ్చినవాళ్ళలో మెకెయిన్ రిపబ్లికనే. కులవివక్షని నిషేధించే బిల్లు 2023లో కాలిఫోర్నియా సభలు పాస్ చేస్తే, చట్టాలు ఇప్పటికే ఉన్నాయి, ఇది అనవసరం అని ఆపినవాడు డెమొక్రాట్ గవర్నరు న్యూసమ్. ఆ బిల్లుని ఆపాలని గట్టిగా ప్రచారం చేసినవాళ్ళు మన దేశం నుంచి వెళ్ళిన హిందూ సంఘాలవాళ్ళే. కులం వీసా లేకుండానే అమెరికా చేరింది.

2024లో వాన్స్ ఉపాధ్యక్షుడిగా గెలిచినప్పుడు, ఆయన భార్య మూలాలు పశ్చిమ గోదావరి వడ్లూరులో ఉన్నాయని మన పేపర్లు పండగ చేశాయి. అదే వాన్స్ 2022లో సెనేట్‌కి పోటీ చేస్తే పీటర్ థీల్ అనే ఒక్క ధనవంతుడు కోటిన్నర డాలర్లు గుమ్మరించాడు. ఊరి పేరు చూసి మురిసిపోయినవాళ్ళం, ఆ డబ్బు సంగతి అడిగామా?

ఇప్పుడు పొద్దున అడిగిన తాత దగ్గరికి వద్దాం. తాతా, నీ శ్మశానం దారి ఎందుకు తేలలేదు? రిజర్వుడు నియోజకవర్గంలో మన కులంవాడే ఎమ్మెల్యే అయినా ఎందుకు తేలలేదు? టిక్కెట్టు ఇచ్చింది ఎవరో, ఎన్నికల ఖర్చు పెట్టింది ఎవరో, ఆ దారికి అడ్డంగా పొలం దున్నేది ఎవరో చూడు. 1932 పూనా ఒడంబడికతో మనకి ప్రత్యేక ఓటు పోయి, అందరి ఓటుతో గెలిచే సీటు వచ్చింది. కాన్షీరామ్ 1982లో "చెంచా యుగం" అని పుస్తకం రాసింది ఈ సంగతి మీదే. మార్షల్ చెప్పిన పాము మాట మన ఊళ్ళోనూ పనికొస్తుంది. మనవాడు కుర్చీ ఎక్కడం అవసరమే, కానీ అంతటితో సరిపోదు.

మరి మనం చెయ్యాల్సిందేమిటి? వాళ్ళ దగ్గర 12 వేల కోట్లున్నాయి. మన దగ్గర లేవు. కానీ ఓపిక, చదువు, చర్చ వాళ్ళ సొత్తు కాదు. ఆ లా విద్యార్థులు చర్చావేదికతో మొదలుపెట్టారు. మనవాళ్ళు కూడా 1978లో ఉద్యోగుల జీతం డబ్బుల్లోంచే బామ్‌సెఫ్ పెట్టారు. ఒక ఓటుతో పాటు ఒక నోటు అడిగాడు కాన్షీరామ్. ఎందుకు? ఎవరి నోటు తీసుకుంటామో వాళ్ళ మాట వినాల్సి వస్తుంది గనక.

పేటకో చదువుల గది పెడదాం. లా చదివే పిల్లలకి ఊరే ఫీజు కడదాం. ఓటడగొచ్చిన మనవాణ్ణి కులం అడిగి ఊరుకోకుండా, "బిడ్డా, నీ ఖర్చు ఎవరు పెడుతున్నారు?" అని అందరి ముందూ అడుగుదాం. ఇది మన హక్కు. దాతల పేర్లు దాచిపెట్టే ఎన్నికల బాండ్లని 2024 ఫిబ్రవరి 15న మన సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ఏకగ్రీవ తీర్పుతో కొట్టేసింది. పార్టీలకి డబ్బెవరిచ్చారో తెలుసుకునే హక్కు ఓటరుకి ఉందంది. ఆ హక్కు కాగితంలో ఉంటే చాలదు, మన నోటికి రావాలి.

తాతా, శ్మశానం దారి అర్జీ వచ్చే సోమవారం మళ్ళీ పెడదాం. ఈసారి అందరం కలిసి వెళ్దాం. ఆ అధికారిని కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరో కూడా అక్కడే అడుగుదాం.

జై భీమ్.