మెట్టసీమయు నీటిరంగుల చిత్రములును



నీటిరంగుల ప్రకృతిచిత్రమనగానే పచ్చికబయలు, సెలయేరు, మేయుచున్న మంద, కఱ్ఱనానుకొని నిలిచిన కాపరి కన్నులకు గట్టును. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో నిట్టి చిత్రములకు మిక్కిలి ఆదరణ యుండెను. ఏడాది పొడవున వానలు కురియు దేశమునకు ఆ పచ్చదనము సహజమే. ఏటి సగటు సుమారు 550 మిల్లీమీటర్లు, అదియును నిలుకడగా కురియని అనంతపురపు మెట్టనేలలో ఆ కుంచెకు పని యేమి?

పని కలిగినది. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి వదలుకొనెను. కాలిన్ మెకంజీ దొర మైసూరు దేశమును కొలిపించి, పిదప దత్తమండలముల కొలతను నడపించెను. కావలి వేంకట లక్ష్మయ్య మొదలగువారు ఊరూర కైఫీయతులు సేకరింపించిరి; చిత్రకారులు దుర్గములు, ఆలయములు, మనుష్యుల వేషములు గీసిరి. 1828లో విల్సన్ ప్రకటించిన పట్టికలో మెకంజీ సేకరణ చిత్రములు 2,630 కలవు.

ఈ పనికి నీటిరంగులే అనువు. రంగుబిళ్ల, గిన్నెడు నీరు, కాగితము చాలును, గుఱ్ఱముమీద కొనిపోవచ్చును. ఇందు వెలుగునకు తెల్లరంగు పూయరు. కాగితమును తడుపక విడిచిన చోటే వెలుగు. చైత్రవైశాఖముల గుత్తి కొండను గీయువాడు కాగితములో సగము విడువవలసినదే!

సైనికులకు కావలసినది కొండ యెత్తు, కోటగోడ, ఎక్కు దారి. ఇట్టి చిత్రములలో ముందు భాగమున కాపరియో, బాటసారియో చిన్నదిగా కనబడుట కలదు. కొండ యెంత పెద్దదో తెలుపుటకు ఆ మనిషి కొలబద్ద. ఇంగ్లండు చిత్రములలో నాతడు అలంకారము. మెట్టసీమలో నాతడు రెండును కాడు. వాన తప్పినచో పైరు నిలిచినచోటనే యెండును, మంద నడచిపోగలదు. కురుబలు, గొల్లలు గొంగడి భుజమున వేసికొని గడ్డియున్న దూరసీమలకు తోలుకొనిపోయి, రాత్రులు రైతు పొలమున మంద కట్టి, ఎరువునకు బదులు గింజలు గైకొనుట పూర్వమునుండి యున్న యేర్పాటు. బొమ్మలో గోరంతయున్న ఆ మందయే యెన్ని కాపురములను నిలిపెనో!

ఆ యాధారమును 1876-78 నాటి ధాతకరవు త్రుంచెను. పశువులు కుప్పలుగా చచ్చెను. అప్పటికి కెమేరా వచ్చియుండెను. హూపర్ అను సైనికోద్యోగి చెన్నపురి రాజధానిలో బక్కచిక్కినవారి ఛాయాచిత్రములు తీసెను. మొదటి చిత్రములలో మనిషి కొలబద్ద; వీనిలో ఎముకల గూడు. మందను మరల కూర్చుకొన్న కాపరిని గీసినవారు అరుదు.

మెకంజీ చిత్రములలో హెచ్చుభాగము నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున నున్నవి. తెలుగు కైఫీయతులు చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నున్నవి. చెరువు కట్టించినదెవరో, మాన్యము పొందినదెవరో కైఫీయతు చెప్పును. కొండ యెట్లుండెనో బొమ్మ చూపును. ఈ రెంటి ప్రతులను గ్రామ గ్రంథాలయమున నొక్క బల్లపై పఱచుట ఈనాడు అసాధ్యము కాదు. బొమ్మక్రింద సాధారణముగా దుర్గము పేరుండును. దిగువనున్న వంక పేరు, మేతబయలు పేరు ఉండవు. ఆ పేర్లెరిగిన వృద్ధులు ఈ యూళ్లలో నింకను కలరు. వారిని పిలిచి, చెప్పినది చెప్పినట్లు ప్రక్క కాగితమున వ్రాసికొనవలెను.