గ్లాస్టర్‌షైర్ దళము: యుద్ధగౌరవములు

యుద్ధగౌరవమనగా, పోరాడిన రణభూమి పేరును పతాకముపై ధరించుటకు సైనికదళమునకు లభించు హక్కు. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్ దళమునకు అట్టివి పెక్కు లభించెను.

1801 మార్చి 21న, ఈజిప్టులో అలెగ్జాండ్రియా కడ, నాటి 28వ పదాతిదళమును ఫ్రెంచివారు ముందువెనుకల ముట్టడించిరి. వెనుక వరుసవారు అటు తిరిగి నిలువగా దళము రెండువైపుల ఒకేసారి పోరాడెను. దాని గురుతుగా టోపీకి వెనుకను గూడ చిహ్నము ధరించు ఆచారము వచ్చినది.

నూటయేబది యేండ్లకు, 1951 ఏప్రిల్‌లో, కొరియాలోని ఇమ్జిన్ నదికడ చైనాసేన ఆ దళపు మొదటి బెటాలియనును చుట్టుముట్టెను. కర్నల్ కార్న్ నాయకత్వమున వారు మూడు రాత్రులు నిలిచిరి. కడకు మందుగుండు తరిగినది. తప్పించుకొన్నవారు కొందరే, పెక్కుమంది బందీలైరి. అయినను ‘ఇమ్జిన్’ దళమునకు యుద్ధగౌరవమైనది.

1994లో ఆ దళము మరియొక దళముతో విలీనమైనది. విజయములతోపాటు, విడువక నిలిచిన దినమునకును గౌరవము దక్కుటయే ఈ చరిత్రలోని విశేషము.