ఒక్క బాప్తిస్మమూ లేని ఏడాది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రెండు నెలల క్రితం కార్యదర్శి గారు మనందరికీ ఒక ఫారం పంపారు. పేరు, బ్యాచ్, చేసిన ఉద్యోగం, సాధించిన విజయాలు. మొదటి మూడూ వెంటనే రాసేశాను. నాలుగో దాని దగ్గర పెన్ను ఆగిపోయింది. మీలో కొందరు కలెక్టరాఫీసులో పెద్ద సీట్లో కూర్చున్నారు, కొందరు అమెరికాలో ఇళ్ళు కట్టారు, కొందరి చేపల లారీలు హౌరా దాకా వెళ్తున్నాయి. నేను ముప్పై ఏళ్ళకు పైగా పాస్టరుగా చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం కొల్లేటి లంకల్లోనే. ఫారం ఎందుకు పంపలేదని ఫోన్ చేస్తే, ‘ఆ నాలుగో గడి గురించే మాట్లాడతాను, పావుగంట ఇవ్వండి’ అన్నాను. ఇచ్చారు. తర్వాత చింతిస్తారేమో తెలియదు.

మీలో చాలామంది క్రైస్తవులు కారు. అయినా లెక్కల గొడవ అందరిదీ. పాస్టరు ఏటా పైకి ఒక రిపోర్టు పంపాలి. బాప్తిస్మాలు ఎన్ని, సభ్యులు ఎంతమంది, కానుకలు ఎంత, కట్టడం పనులు ఎంతవరకు వచ్చాయి. అంకెలు పెరిగితే సేవ ఆశీర్వాదకరం, తగ్గితే ‘అయ్యగారికి భారం లేదు’ అంటారు. దీన్ని తప్పు పట్టను. లెక్క లేకపోతే నాలాంటి బద్ధకస్థులు నిద్రపోతారు. కానీ ఆ కాగితం మీద పట్టనివి కొన్ని ఉన్నాయి.

మన పక్కనే బందరు. 1841లో రాబర్ట్ నోబుల్ దొర అక్కడికి వచ్చి, 1843లో స్కూలు పెట్టారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటే ఊళ్ళో గొడవై స్కూలు దాదాపు ఖాళీ అయిపోయింది. ఆయన మళ్ళీ పిల్లల్ని పోగు చేసుకున్నారు. తిరిగి ఇంగ్లండు వెళ్ళకుండానే 1865లో అక్కడే కన్నుమూశారు. నా రిపోర్టు ఫారంలో నోబుల్ గారి ఇరవై నాలుగేళ్ళూ వేసి చూస్తే పరీక్ష తప్పినట్టే వస్తుంది. బందరులో ఆయన పేరు మీద కాలేజీ ఇప్పటికీ ఉంది.

దీనికి ఎదురుగా మా వాళ్ళు ఎప్పుడూ చెప్పే అంకె ఒకటుంది. 2222. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్క రోజులో అంతమందికి బాప్తిస్మాలు జరిగాయి. ఉజ్జీవ కూటాల్లో ఈ అంకె వినని క్రైస్తవుడు ఉండడు. నేనూ చిన్నప్పుడు చప్పట్లు కొట్టినవాణ్ణే. పెద్దయ్యాక దాని ముందు కథ చదివాను. 1876-78 మధ్య ధాతు కరువు. మనుషులు రోడ్ల మీద పడి చచ్చిపోతున్నారు. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చారు. ఆ కూలీలు, వాళ్ళ బంధువులు గుంపులుగా వచ్చి బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూడు కోసం వస్తున్నారేమో అన్న భయంతో ఏడాదికి పైగా ఆపేశారు. కరువు పనులు ముగిసి, ఇక ఇవ్వడానికి డబ్బేమీ లేదని తెలిశాక కూడా జనం వస్తేనే ఒప్పుకున్నారు. ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మాలిచ్చింది తెలుగు బోధకులు, దొర కాదు.

మనం 2222ని పట్టుకున్నాం. ఆయన కావాలని సున్నా పెట్టుకున్న ఏడాదిని వదిలేశాం. నాకు ఆ సున్నాయే పెద్దగా కనిపిస్తుంది. చేయి చాస్తే వేల అంకె ఉంది. చాపలేదు.

నా సంగతికి వస్తాను. ఇది నాకు చెప్పడం కొంచెం కష్టం.

1976లో ప్రభుత్వం కొల్లేట్లో మత్స్యకారులకూ ఎస్సీలకూ సహకార సంఘాల పేర చెరువులు తవ్వించింది. కాలం గడిచేకొద్దీ కాగితం మీద పేరు పేదవాడిది, చెరువు లీజుదారుడిది అయింది. ఇది ఇక్కడ కూర్చున్న ఎవరికీ కొత్త కాదు. 1990ల చివర్లో నేనున్న లంకలో మందిరానికి గోడలు లేచాయి, స్లాబుకు డబ్బు లేదు. ఒక పెద్దమనిషి వచ్చారు. స్లాబు నేను వేయిస్తాను, మీవాళ్ళ చేత వచ్చే కొన్నేళ్ళ లీజు కాగితాల మీద సంతకాలు పెట్టించండి, మీ మాట వింటారు కదా అన్నారు. లీజు రేటు సగానికి సగం తక్కువ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కుదరదని చెప్పాను.

స్లాబు పడలేదు. వానాకాలం టార్పాలిను కింద ఆరాధన. కొన్ని కుటుంబాలు కప్పున్న మందిరం వెతుక్కుంటూ వేరే సంఘానికి వెళ్ళిపోయాయి. ఆ ఏడాది నా రిపోర్టులో బాప్తిస్మాల గడిలో సున్నా, కట్టడం గడిలో గీత. పైన కూర్చున్నవాళ్ళు నా ముఖం చూసి నిట్టూర్చారు.

నేను గెలిచానని చెప్పడానికి ఈ కథ చెప్పట్లేదు. ఎందుకంటే 2006లో కొల్లేరు ఆపరేషన్ వచ్చింది. అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లన్నీ తెగ్గొట్టారు. అప్పుడు మా సంఘస్థుడొకాయన నా గుమ్మంలో నిలబడి, ‘అయ్యగారూ, ఆ రోజు సంతకం పెట్టుంటే నాలుగు డబ్బులైనా చేతికొచ్చేవి, గుడికి కప్పన్నా పడేది. మీ మంచితనంతో మాకు రెండూ పోయాయి’ అన్నాడు. దానికి నా దగ్గర అప్పుడు జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

ఆ రోజుల్లో జరిగింది ఒకటి మాత్రం చెప్పాలి. మా సంఘాల్లో పిడికెడు బియ్యం ఆచారం మీరు వినే ఉంటారు. అన్నం వండే ముందు ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం గుడికి తెస్తారు. ఆ బియ్యం అమ్మి కానుకల్లో వేస్తాం. గట్లు తెగి పనులు పోయిన నెలలో మా ఆడవాళ్ళు నన్ను అడగకుండానే అమ్మకం ఆపేశారు. ఎవరి పొయ్యి వెలగలేదో చూసి, సాయంత్రం పూట ఒడిలో పోసుకెళ్ళి ఇచ్చొచ్చేవారు. చర్చికి వచ్చేవాళ్ళకే కాదు, ఏటా కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్ళే ఇళ్ళకీ ఇచ్చారు. నాకు తెలిసింది మూడు వారాల తర్వాత, కానుకల లెక్క తగ్గిందేమని అడిగినప్పుడు. ఒక ముసలమ్మ నవ్వి, ‘లెక్క తగ్గలేదయ్యా, చోటు మారింది’ అంది. ముప్పై ఏళ్ళు ప్రసంగాలు చెప్పిన నాకు ఆ మాట ముందు తట్టలేదు. ఆ నెల రిపోర్టులో కానుకలు తగ్గాయని మాత్రమే రాశాను. ఇంకో గడి లేదు మరి.

స్లాబు సంగతి అడుగుతారని తెలుసు. నేను బదిలీ అయ్యాక పడింది. ప్రతిష్ఠకి పిలిచారు. కప్పు పోయినందుకు నన్ను నిలదీసినాయనే ముందు వరసలో కూర్చోబెట్టాడు. పాత మాట ఇద్దరం ఎత్తలేదు.

ఇప్పుడక్కడున్న కుర్ర పాస్టరు మంచివాడు. అప్పు చేసి పెద్ద సౌండు బాక్సులు కొందామా అని కిందటేడు నన్నడిగాడు. టౌనులో సంఘాలకు ఉన్నాయి, మనవాళ్ళు అటు పోతున్నారని అతని బాధ. ముందు బియ్యం కుండ ఎక్కడుందో చూడు బాబూ అన్నాను. ఏమనుకున్నాడో, సరేనండి అని ఫోను పెట్టేశాడు. మొన్న క్రిస్మస్‌కి వెళ్తే బాక్సులు వచ్చేశాయి. చెవుడున్న నాకే బాగా వినబడ్డాయి. కుండ కూడా ఉంది, వెనక గదిలో, సగం దాకా.

భోజనాలు సిద్ధమని వెనక నుంచి సైగ చేస్తున్నారు. కొల్లేటి చేప చల్లారితే బాగుండదు.