రోగిని లేపే నడుము

పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు తరచూ నడుము పోగొట్టుకుంటారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జరిపి, 2000లో ప్రచురించిన సర్వేలో 91 శాతం ఫిజియోథెరపిస్టులు పనివల్ల ఎప్పుడో ఒకప్పుడు కండరాల, కీళ్ల నొప్పులు పడ్డవారే. ఆరుగురిలో ఒకరు ఆ కారణంగానే చేసే విభాగం మార్చుకున్నారు, లేదా వృత్తినే వదిలేశారు. తొలి నొప్పి చాలామందికి ఉద్యోగంలో చేరిన మొదటి కొన్నేళ్లలోనే వస్తుంది. పట్టా చేతికందే రోజునే ఈ సంగతి చెప్పవలసి రావడానికి అదే కారణం.

మంచిర్యాలలో పని మొదలుపెట్టే థెరపిస్టు దగ్గరికి శ్రీరాంపూర్, మందమర్రి గనుల్లో నడుము దెబ్బతిన్న కార్మికులు, మోకాళ్లు అరిగిన రిటైర్డు కార్మికులు, పక్షవాతం రోగులు వస్తారు. బరువెలా ఎత్తాలో కార్మికుడికి ఓపికగా నేర్పిన థెరపిస్టే, సాయంత్రం హోమ్ విజిట్‌కు వెళ్లి నులక మంచం మీద వంగిపోతాడు. మంచం మోకాలి ఎత్తున ఉంటుంది, నులక మధ్యలో కుంగి ఉంటుంది, ఒక పక్క గోడ అడ్డం. ఆ వంపులోనే అరగంట కాళ్లూ చేతులూ కదిలించాలి. మంచం కోళ్ల కింద కదలకుండా ఇటుకలు పెట్టించి, గోడకు దూరం జరిపిస్తే సగం శ్రమ తగ్గుతుంది. రోగిని లేపి నిలబెట్టే ముందు మాత్రం ఆ ఇటుకలు తీసేయాలి, పాదాలు నేలకు ఆనాలి.

సరైన పద్ధతిలో వంగితే చాలన్న నమ్మకం కాలేజీల్లో బలంగా ఉంది. అది చాలదు. బరువెత్తే పద్ధతి నేర్పినంత మాత్రాన నడుము నొప్పులు తగ్గినట్టు పరిశోధనల్లో గట్టి ఆధారం దొరకలేదు. మోసే బరువే తగ్గాలి. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నిపుణులు 2007లో రోగిని చేతులతో ఎత్తడానికి సూచించిన హద్దు దాదాపు 16 కిలోలు. 70 కిలోల మనిషి ఒక్క కాలే సుమారు 11 కిలోలుంటుంది. రెండు కాళ్లూ కలిపి ఎత్తితే ఆ హద్దు దాటినట్టే. బలముందన్న ధీమాతో రోగిని ఒంటరిగా లేపే కుర్రవాళ్లను సీనియర్లు మెచ్చుకోవడం మానాలి.

రోగి చేయగలిగినంత రోగి చేతే చేయించడం మొదటి మెట్టు. అంచుకు జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, ముందుకు వంగితే రోగి కాళ్ల మీదకు బరువు వస్తుంది. నడుముకు బెల్టు కడితే పట్టు దొరుకుతుంది. థెరపిస్టు రోగికి దగ్గరగా నిలబడి, నడుము మెలితిప్పకుండా పాదాలతో తిరగాలి. పక్కకు జరపడానికి జారే గుడ్డ, కుర్చీలోకి మార్చడానికి జారుడు పలక వాడాలి. పడిపోతున్న రోగిని గాలిలో ఆపబోవడం ప్రమాదం. దగ్గరకు తీసుకుని మెల్లగా నేలకు దించాలి.

బొటనవేళ్ల మాట ఎవరూ పట్టించుకోరు. వెన్ను కీళ్లను రోజంతా బొటనవేలితో నొక్కితే దాని మొదట్లోని కీలు దెబ్బతినవచ్చు. మణికట్టు దగ్గరి అరచేతి భాగం, మోచెయ్యి మార్చిమార్చి వాడాలి. రోగి పడుకునే బల్ల తగినంత కిందికి ఉంటే ఒంటి బరువే నొక్కుతుంది, వేలు బతుకుతుంది.

ఆక్యుపేషనల్ థెరపిస్టులకు స్ప్లింట్లు కత్తిరించడంతో మణికట్టు, స్నానాల గదిలో రోగికి తర్ఫీదు ఇవ్వడంతో నడుము నొస్తాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో సెరిబ్రల్ పాల్సీ పిల్లలతో నేల మీద కూర్చుని పనిచేసే వారిది మరో కష్టం. పిల్లవాడు ఏటేటా బరువెక్కుతాడు, ఎత్తుకునే అలవాటు మాత్రం మారదు. తల్లికీ అదే నడుము నొప్పి వస్తుంది కాబట్టి, ఎత్తకుండా జరిపే పద్ధతి ఇద్దరూ కలిసే నేర్చుకోవాలి.

అన్నిటికన్నా కలవరపెట్టేది నొప్పిని దాచుకోవడం. నొప్పులు తగ్గించేవాడికే నొప్పేమిటన్న సిగ్గుతో మాత్ర వేసుకుని తర్వాతి రోగిని పిలుస్తారు. గనిలో దెబ్బ తగిలి కార్మికుడు 24 గంటలకు మించి పనికి రాలేకపోతే, 1952 గనుల చట్టం ప్రకారం అది రిజిస్టరుకెక్కేది. ఫిజియోథెరపీ విభాగాల్లోనూ అలాంటి పుస్తకం ఒకటుండాలి. ఏ బల్ల దగ్గర, ఏ పనిలో, ఎవరికి నొప్పి వచ్చిందో రాసుకోనిదే యాజమాన్యం ఏదీ మార్చదు.

ఉద్యోగంలో చేరేముందు జీతమెంతని అందరూ అడుగుతారు. ఎత్తు మార్చే బల్ల ఉందా, రోగిని లేపేటప్పుడు రెండో మనిషి ఉంటారా అన్నది కూడా కొత్త పట్టభద్రులు అప్పుడే అడగాలి.