సైనిక కుటుంబం ఊరు మారేటప్పుడు
(ప్రసంగ పాఠం)

సైనికుని వృత్తిలో స్థిరనివాసమన్నది పదవీ విరమణ తరువాతి మాట. రెండేళ్ళకో మూడేళ్ళకో బదిలీ ఉత్తర్వు వస్తుంది. సికిందరాబాదు కంటోన్మెంటులో కుదురుకున్న కుటుంబం జోధ్‌పూర్‌కు గాని, తేజ్‌పూర్‌కు గాని తరలిపోవలసి ఉంటుంది. సరిహద్దు ప్రాంతానికి పోస్టింగు వచ్చినప్పుడు భార్యాబిడ్డలను వెంట తీసుకుపోయే వీలు సాధారణంగా ఉండదు. అప్పుడు ఇల్లు ఖాళీ చేయడం, సామాను సర్దడం, లారీవారితో బేరమాడడం, మరో ఊళ్ళో దింపించుకోవడం ఇవన్నీ ఇల్లాలి బాధ్యతలవుతాయి. భాష తెలియని చోట, బంధువులు లేని చోట ఆమె నెరవేర్చే ఈ పనిని గురించి బయటి సమాజానికి తెలిసినది తక్కువ.

ఒకప్పుడు దూరప్రాంతాలకు ఇంటి సామాను ఎక్కువగా రైలు వ్యాగన్లలోనే వెళ్ళేది. బ్రాడ్‌గేజి, మీటరుగేజి మార్గాలు కలిసే చోట సరుకునంతా ఒక బండినుంచి దింపి మరొక బండికి ఎక్కించవలసి వచ్చేది. ఎత్తి దింపిన ప్రతిసారీ గాజుసామాను పగిలే భయం, పెట్టె తప్పిపోయే భయం ఉండేవి. నల్లని ఇనుప ట్రంకుపెట్టెలు, గట్టి కొయ్యపెట్టెలు, వాటిమీద తెల్లరంగుతో రాసిన పేర్లు సైనిక గృహాలకు గుర్తుగా నిలిచాయి. 1992లో ప్రారంభమైన యూనిగేజి పథకంతో గేజి మార్పిడి బెడద చాలావరకు తొలగింది. సామాను రవాణా కూడా క్రమంగా ప్రైవేటు లారీ సంస్థల చేతికి పోయింది. సౌకర్యం పెరిగింది, దానితోపాటు కొత్త చిక్కులూ వచ్చాయి.

చిక్కు తరచు బేరంలోనే మొదలవుతుంది. ఇల్లు చూడకుండా ఫోనులోనే తక్కువ ధర చెప్పిన కాంట్రాక్టరు, సామాను లారీకెక్కిన తరువాత అంచనా మించిందంటాడు. గమ్యం చేరాక అదనపు సొమ్ము ముట్టనిదే దింపనంటాడు. వంటపాత్రలు, పరుపులు, పిల్లల పుస్తకాలు అన్నీ లారీలోనే ఉంటాయి గనుక, ఆ క్షణంలో ఇల్లాలికి కాదనే శక్తి ఉండదు. అందుచేత సామాను కదలకముందే ఆమె జాగ్రత్తపడాలి.

ఈ విషయంలో కుటుంబానికి రక్షణ కాగితమే. 1865 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2007 నాటి రోడ్డు రవాణా చట్టం 2011 నుంచి అమలులో ఉన్నది. సరుకు అప్పగించేవారు దాని వివరాలు, విలువ రాసి ఇవ్వాలి. రవాణాదారు రసీదు ఇవ్వాలి. ఎక్కువ విలువను ముందుగా రాతపూర్వకంగా ప్రకటించనిచో నష్టపరిహారం నిర్ణీత పరిమితికి లోబడి ఉంటుంది. నష్టం జరిగితే, దావా వేయడానికి ముందు, బుకింగు తేదీనుంచి 180 రోజులలోగా లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, గడువు రెండేళ్ళు. సికిందరాబాదులో ఎక్కించిన బీరువా తేజ్‌పూర్‌లో విరిగి దిగితే, న్యాయంకోసం తిరిగి సికిందరాబాదు రానక్కరలేదు. ఊరు మారుతూ ఉండే కుటుంబాలకు ఇది పెద్ద అండ.

పాటించదగిన పద్ధతులు కష్టమైనవి కావు. ప్రతి పెట్టెకూ ఒక అంకె వేసి, జాబితా రెండు ప్రతులు రాసి, ఇరుపక్షాలూ సంతకాలు చేయాలి. విలువైన వస్తువులకు ముందుగా ఫొటోలు తీసి ఉంచాలి. బీమా పేరిట సొమ్ము తీసుకుంటే బీమా సంస్థ ఇచ్చిన పాలసీ పత్రాన్ని అడగాలి. దింపేటప్పుడు లెక్క చూసుకున్నాకనే సంతకం చేయాలి. దెబ్బతిన్న వస్తువు సంగతి ఆ రసీదుమీదనే రాయాలి. సర్టిఫికెట్లు, నగలు, పతకాలు లారీకి అప్పగించరాదు. కొత్త ఊరి భాష రాకపోయినా పెట్టెలమీది అంకెలను సరిచూసుకోవడానికి అడ్డులేదు.

ఇక్కడ మరొక మాట కూడా చెప్పుకోవాలి. ధర నిర్ణయించేవాడు వేరు, పెట్టె మోసేవాడు వేరు. నాలుగో అంతస్తుకు బీరువా ఎక్కించే హమాలీ కూడా చాలాసార్లు బతుకుతెరువుకోసం సొంత ఊరు విడిచినవాడే. కాంట్రాక్టరుమీది కోపం అతనిమీద చూపడం న్యాయం కాదు.

ఊళ్ళు మారే ఉద్యోగుల ఇబ్బందులను ప్రభుత్వం కొంతవరకు గుర్తించింది. బదిలీలవల్ల పిల్లల చదువు చెడకూడదని 1963లో 20 రెజిమెంటల్ పాఠశాలలతో ప్రారంభమైన కేంద్రీయ విద్యాలయాలు నేడు 1,200కు మించాయి. 2021లో వచ్చిన భారత్ సిరీస్ రిజిస్ట్రేషనుతో, రాష్ట్రం మారినప్పుడల్లా వాహనాన్ని తిరిగి నమోదు చేయించే శ్రమ తప్పింది. ఇంటి సామాను విషయంలో మాత్రం ఇప్పటికీ ఆ కుటుంబపు జాగ్రత్తే ప్రధానం. కొత్తగా వచ్చిన కుటుంబానికి నమ్మకమైన రవాణాదారు పేరు చెప్పడం, సామాను దిగేవేళ తోడు నిలవడం, స్థానిక భాషలోని రసీదు చదివి వినిపించడం ఇరుగుపొరుగువారు చేయగల సాయం. దేశాన్ని కాచేవాని ఇల్లు ఏ రాష్ట్రంలో దిగినా పరాయిచోట దిగినట్లు ఉండకూడదు.