షియాన్ చూసొద్దాం రండి



బస్టాండులో నిలబడి, వచ్చిన ప్రతి బస్సు దగ్గరా "ఇది ఏ ఊరు పోతుందయ్యా?" అని అడిగిన రోజులు గుర్తున్నాయా? బోర్డు కళ్లెదుటే ఉండేది. చదవడం వచ్చేది కాదు. బాగా చదువుకున్నవాళ్లకు కూడా ఆ అవస్థ వచ్చే ఊరు ఒకటి ఉంది. అది చైనా దేశంలోని షియాన్ నగరం. ఇవాళ ఆ ఊరి సంగతులు చెప్పుకుందాం.

షియాన్ చాలా పాత ఊరు. పాత పేరు చాంగాన్. అంటే ఎప్పటికీ నిలిచే శాంతి అని అర్థం. ఎందరో రాజులకు అది రాజధాని. పూర్వం వర్తకులు పట్టు మూటలతో ఇక్కడి నుంచే పడమటి దేశాలకు బయలుదేరేవాళ్లు.

దూరదేశం కదా! అందుకే చాలామంది యాత్రికులు గుంపుగా వెళ్తారు. గుంపుకు ఒక గైడు ఉంటారు. గైడు అంటే దారి చూపి, ఊరి కథ చెప్పే మనిషి. గైడు చేతిలో చిన్న జెండా ఉంటుంది. జనం ఎంతమంది ఉన్నా ఆ జెండా వెనకే నడవాలి. బస్సు ఎక్కినప్పుడల్లా తలలు లెక్కపెడతారు.

గుంపులో వెళ్తే ధైర్యం ఉంటుంది. తిండి, బస వాళ్లే చూస్తారు. కాని మన టైము మన చేతిలో ఉండదు. బాగున్న చోట ఇంకాసేపు కూర్చుందామంటే కుదరదు. మధ్యలో దుకాణాలకూ తీసుకుపోతారు. చూడమంటే చూడాలి. కొనాలని మాత్రం ఏమీ లేదు.

మరి తప్పిపోతే? పెద్ద రోడ్ల మీద ఇంగ్లీషు అక్షరాలు కూడా కనిపిస్తాయి. సందుల్లోకి పోతే ఎక్కువగా చైనా అక్షరాలే. ఎం.ఏ. చదివిన మనిషైనా అక్కడ దిక్కులు చూడాల్సిందే. అందుకే యాత్రికులు హోటలు కార్డు ఒకటి దగ్గర ఉంచుకుంటారు. హోటలు పేరు, చిరునామా దాని మీద చైనా అక్షరాల్లో ఉంటాయి. టాక్సీ డ్రైవరుకు చూపిస్తే తీసుకొచ్చి దింపుతాడు. నోటితో చెప్పలేని మాట ఆ కాగితం చెబుతుంది.

ఊరి చుట్టూ పెద్ద కోట గోడ ఉంది. దాదాపు 650 ఏళ్ల కిందట కట్టారు. చుట్టుకొలత సుమారు 14 కిలోమీటర్లు. ఎత్తు 12 మీటర్లు. అంటే నాలుగంతస్తుల మేడంత! పైన నాలుగు ఎడ్లబండ్లు పక్కపక్కనే పోవచ్చు. ఇప్పుడు యాత్రికులు ఆ గోడ మీద అద్దె సైకిళ్లు తొక్కుతారు.

ఊరికి తూర్పున మట్టి సైన్యం ఉంది. అది బయటపడిన కథ వినండి. 1974లో నీళ్లకు కటకటగా ఉంది. కొందరు రైతులు బావి తవ్వారు. గడ్డపారకు నీళ్లు తగల్లేదు. మట్టి మనుషుల ముక్కలు తగిలాయి! ఇంకా తవ్వితే సైనికులు, గుర్రాలు, రథాలు బయటపడ్డాయి. అన్నీ కలిపి సుమారు 8 వేల బొమ్మలు ఉంటాయని అంచనా. అన్నిటినీ ఇంకా పైకి తీయలేదు. పగిలిన ముక్కలను ఓపికగా అతికించి నిలబెడుతున్నారు.

ఈ బొమ్మలు ఎందుకు చేయించారు? చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధికి కాపలాగా. ఆయన క్రీ.పూ. 221లో దేశాన్ని ఒకటి చేశాడు. తూకాలు, కొలతలు, లిపి దేశమంతా ఒకే తీరుగా ఉండాలన్నాడు. కొన్ని బొమ్మల మీద పని చేయించిన మేస్త్రీల పేర్లు ఉన్నాయి. పనిలో తప్పు దొరికితే ఎవరిదో తెలియాలని అలా పేర్లు వేయించేవారు. ఆ పేర్లను ఇవాళ్టికీ చదువుతున్నారు. కాని మట్టి మోసిన కూలీల పేర్లు ఎవరూ రాయలేదు. వాళ్లెవరో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

షియాన్‌లో ఇటుకలతో కట్టిన ఏడంతస్తుల గోపురం ఒకటి ఉంది. పేరు పెద్ద అడవిబాతు గోపురం. మొదట 652లో కట్టారు. దీనికీ మన తెలుగు నేలకూ చుట్టరికం ఉంది. హ్యూయన్ త్సాంగ్ అనే బౌద్ధ భిక్షువు చాంగాన్ నుంచి బయలుదేరి మన దేశం వచ్చాడు. ఊరూరా తిరిగాడు. వేంగిని, అమరావతి దగ్గరి ధాన్యకటకాన్ని కూడా చూశాడు. 645లో తిరిగి చాంగాన్ చేరాడు. ఏం తీసుకెళ్లాడు? బంగారం కాదు. 20 గుర్రాల మీద 657 పుస్తకాలు! వాటిని భద్రం చేయడానికే ఆ గోపురం కట్టారు. ఆయన చనిపోయేదాకా వాటిని చైనా భాషలోకి మారుస్తూనే ఉన్నాడు.

షియాన్‌కు వాయవ్యంగా కొంత దూరంలో వూ జెతియాన్ సమాధి ఉంది. చైనా చరిత్రలో తన పేరునే చక్రవర్తిగా ఏలిన ఆడమనిషి ఆమె ఒక్కతే. 690 నుంచి 705 దాకా ఏలింది. సమాధి దగ్గర 7 మీటర్లకు మించిన రాయి నిలబెట్టారు. కాని దాని మీద ఆమె గురించి ఒక్క అక్షరం చెక్కలేదు. ఎందుకలా వదిలేశారో తలా ఒక మాట చెబుతారు. తరువాతి కాలంలో ఎవరెవరో వచ్చి ఖాళీ చోటులో తమకు తోచింది రాసుకుపోయారు.

చైనా అక్షరాలు నేర్చుకోవడం తేలిక కాదు. షియాన్‌లో 'బియాంగ్ బియాంగ్' అనే వెడల్పాటి నూడుల్స్ దొరుకుతాయి. ఆ 'బియాంగ్' అనే ఒక్క అక్షరానికి 50కి పైగా గీతలు గీయాలి! 1949లో చైనాలో నూటికి 80 మందికి చదువు రాదు. పొలం పని తక్కువగా ఉండే చలికాలంలో ఊళ్లలో బడులు పెట్టారు. పల్లెవాళ్లకు 1,500 అక్షరాలు వస్తేనే చదువు వచ్చినట్టు లెక్క. అలాంటి అక్షరాలనే అక్కడి ఆడవాళ్లు పెద్దయ్యాక కూర్చుని నేర్చుకున్నారు. మన యాభై ఆరు మనకు రాకుండా పోతాయా?

అక్కలారా! షియాన్ దాకా పోకపోయినా, జాతరకో తీర్థానికో మనమూ గుంపుగా వెళ్తాం. వెళ్లే ముందు ఒక పని చేయండి. ఒక కాగితం మీద మీ పేరు, ఊరు, మండలం, ఫోను నెంబరు రాయండి. ఇంకొకరి చేత రాయించకండి. మీ చేత్తోనే రాయండి. ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఇంకొకటి పిల్లల జేబులో పెట్టండి. అక్షరం కాస్త వంకర పోయినా ఫరవాలేదు. అది మీరు రాసింది, చదివినవాళ్లకు అర్థమైతే చాలు.