రంపం ముట్టే ముందు శిక్షణ
(షోలాపూరు గేటు మీటింగులో యూనియన్ కార్యదర్శి ప్రసంగం)



కాంపౌండులో చెట్లు కొట్టాలట. మోటారు రంపం తెచ్చిపెట్టి, వీవింగు ఖాతా నుంచి ఇద్దరిని పంపమన్నారు. శిక్షణ లేకుండా మనవాళ్ళెవరూ దాన్ని ముట్టరని మేము చెప్పి వచ్చాము.

మగ్గం మీంచి షటిల్ ఎగిరితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? ఈ రంపం గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెడుతుంది. బ్లేడు కొస పైభాగం కొమ్మకు తగిలిందా, రంపం ఎగిరి మొహం మీదికే వస్తుంది. అందుకే ముందరి గార్డుకు గొలుసును ఆపే బ్రేకు ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు రోజూ అది చూసుకోవాలి. రెండు చేతులా పట్టాలి, భుజం దాటి ఎత్తకూడదు.

ఇక చెట్టు. పడాల్సిన వైపు ముందు గాటు తీసి, తర్వాత వెనక నుంచి కోస్తారు. రెండు కోతలూ కలవకూడదు. మధ్యన మాను అడ్డకొలతలో పదో వంతు మందం వదలాలి. అదే తలుపు కీలులా చెట్టును తిప్పి పడేస్తుంది. అది తెగితే ఇక చెట్టు ఇష్టం! చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో వేరే మనిషి ఉండకూడదు. కోసేవాడు వెనక్కి, పక్కకు తప్పుకునే దారి ముందే శుభ్రం చేసుకోవాలి.

షెడ్డు మీదికి వాలిన వేపచెట్టు మాటే వేరు. వాలిన మాను కోస్తుండగానే నిలువునా చీలి, కోసేవాడి మీదికి ఎగరగలదు. దాన్ని పని తెలిసిన ముఠాకే ఇమ్మన్నాము. మిగతావాటికి జీతంతో శిక్షణ, జాలీ ఉన్న హెల్మెట్టు, చెవులకు రక్షణ, కాళ్ళకు రంపం దిగని ప్యాంటు అడిగాము. “ఇంత ఖర్చా?” అన్నారు. శిక్షణ పొందే హక్కును భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లోనే ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారని గుర్తుచేశాము.

సోమవారం మళ్ళీ కలుస్తాము. అంతవరకు రంపం స్టోరులోనే ఉంటుంది.